ఎస్కార్ట్ ఫైటర్ పైలట్ పని శత్రువుని తరమడమా, బాంబర్ని అంటిపెట్టుకుని ఉండడమా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న గొడవ ఇది. ఇక్కడ మిలిటరీ విషయాలు తెలిసిన పెద్దలున్నారని పెడుతున్నాను.

మా మేనల్లుడు పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాడు. కంప్యూటర్లో రెండో ప్రపంచ యుద్ధం విమానాల గేమ్ ఒకటి ఆడుతున్నాడు. అందులో వాడిది మస్టాంగ్ ఫైటర్, బాంబర్లకి కాపలాగా జర్మనీ దాకా వెళ్ళి తిరిగి రావాలి. మొన్న రాత్రి అయిదు జర్మన్ విమానాలు కూల్చి ఇల్లంతా గంతులేశాడు, తీరా చూస్తే తెర మీద మిషన్ ఫెయిల్ అని వచ్చింది. ఎందుకయ్యా అంటే వాడు ఆ అయిదింటి వెనకాల తిరుగుతున్నంతసేపట్లో వాడు కాయాల్సిన బాంబర్లు నాలుగు పడిపోయాయట. "మామయ్యా, గేమ్‌లో బగ్ ఉంది" అంటాడు. చేను కాయమంటే కాకుల వెంట ఊరు దాటిపోయావు, బగ్ నీలో ఉందిరా అన్నాను. అన్నాను గానీ నాకూ సరిగ్గా తెలీదు. శత్రువు ఎదురుగా కనబడుతుంటే వదిలేయమంటారా నిజంగా?

ఇంకో సంగతి. మా మామ్మ చిన్నప్పుడు రంగంలో ఉండేది. ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు, రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. వాళ్ళ నాన్న అక్కడ జెట్టీలో మూటలు మోసేవాడు. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు బాంబులేసిన రోజు ఆవిడకి ఎనిమిదేళ్ళు. జనమంతా వీధిలోకొచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారట, దాక్కోవాలని ఎవరికీ తోచలేదట. "పెద్దవి తేలినీలాపురం కొంగల్లాగ బారు తీరి వచ్చాయిరా, వాటిపైన చిన్నవి మెరుస్తూ అటూ ఇటూ తిరిగాయి" అని పోయేదాకా చెప్పేది. ఆ చిన్నవి ఎందుకు తిన్నగా రాకుండా అటూ ఇటూ తిరుగుతాయని అడిగితే "నాకేటి తెలుసురా, గుంటలు ఆడుకున్నట్టు తిరిగాయి" అనేది. ఇప్పుడు వీడి గేమ్‌లో కూడా కాపలా విమానాలు అలాగే వంకర్లు తిరుగుతున్నాయి. అది ఎందుకో కూడా ఎవరైనా చెబితే బావుంటుంది.

కోట_జంక్షన్ (విజయనగరం):

మంచి ప్రశ్న అన్నా. వంకర్ల సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిక. బాంబర్లు బరువుతో నిదానంగా పోతాయి, ఫైటర్ దానికన్నా చాలా స్పీడు. బాంబర్ స్పీడుకి తగ్గి పక్కనే తిన్నగా ఎగిరితే సరిగ్గా శత్రువు పైనుంచి దిగే టైముకి నీకు స్పీడు ఉండదు, అది అందుకునేలోపు వాడు కాల్చేసి పోతాడు. అందుకని స్పీడు తగ్గించకుండా బాంబర్ల పైన పాములాగా మెలికలు తిరుగుతూ వెళ్తారు. మీ మామ్మ చూసింది అదే అయ్యుంటుంది, ఎనిమిదేళ్ళ పిల్ల బాగా పట్టుకుంది.

అసలు ప్రశ్నకొస్తే, ఇది మీ ఇంట్లో గొడవ ఒక్కటే కాదు, యుద్ధం నడిపిన జనరల్సే దీని మీద కొట్టుకున్నారు. మన సిరిమానోత్సవం చూడు. సిరిమాను మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోటకి వెళ్తుంటే చుట్టూ తాళ్ళు పట్టుకుని కుర్రాళ్ళు నడుస్తారు. జేబుదొంగ కనబడ్డాడని ఒకడు తాడు వదిలి పరిగెత్తాడనుకో, ఆ సందులోంచి జనం లోపల పడిపోతారు. అలాగని తాడు పట్టుకున్నవాడు బొమ్మలా నిలబడితే తోపులాట వాడి మీదే పడుతుంది. రెండూ కష్టమే.

1940లో జర్మన్లు ఇంగ్లాండ్ మీద బాంబులేసినప్పుడు రెండో తప్పు చేశారు. బాంబర్ల వాళ్ళు మొరపెట్టుకుంటే జర్మన్ ఎయిర్‌ఫోర్స్ అధిపతి గోరింగ్ తన ఫైటర్లని బాంబర్లని అంటుకునే ఎగరమన్నాడు. దాంతో మెస్సర్‌ష్మిట్ 109కి ఉన్న ఎత్తు, స్పీడు రెండూ పోయాయి. పైగా దాని పెట్రోలు లండన్ మీద పది పదిహేను నిమిషాల పోట్లాటకి మించి చాలదు. అప్పట్లో యూరప్‌లో ఒంటి ఇంజిన్ ఫైటర్‌ని దూరాలు పోయే బండిగా పెద్దగా ఎవరూ అనుకోలేదు.

అమెరికా వాళ్ళు ఇంకో దారిన దెబ్బతిన్నారు. బీ-17 బాంబర్‌కి చుట్టూ మిషన్ గన్లున్నాయి, గుంపుగా వెళ్తే తమని తామే కాపాడుకుంటాయి, కాపలా అక్కర్లేదు అనుకున్నారు. 1943 ఆగస్టు 17న జర్మనీలో ష్వైన్‌ఫుర్ట్, రెగెన్స్‌బుర్గ్ అనే ఊళ్ళ మీదకి 376 పంపితే 60 పడిపోయాయి. మళ్ళీ అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్‌కే 291 పంపితే ఇంకో 60. ఒక్కోదాంట్లో పదిమంది, అంటే ఒక్క మధ్యాహ్నంలో 600 మంది. ఆ రోజు కాపలాగా వెళ్ళిన పీ-47 ఫైటర్లు జర్మనీ సరిహద్దులో ఆఖెన్ దగ్గరికొచ్చేసరికి పెట్రోలు చాలక వెనక్కి తిరిగాయి, అవి తిరిగాకే జర్మన్లు వచ్చి పడ్డారు. వాళ్ళకి ఆ గీత ఎక్కడుందో బాగా తెలుసు మరి.

ఇంజిన్_తాత (ఆమదాలవలస):

బాబూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన వాణ్ణి. ఆ కాలం విమానాలు నా చేతి మీదకి రాలేదు, అవి మా ముందు తరం. కానీ ఫిట్టర్ కంటితో చెబుతాను, మీరిద్దరూ పైలట్ గురించే మాట్లాడుతున్నారు, ఈ కథంతా పెట్రోలు లెక్క.

మీవాడు ఆడే మస్టాంగ్, అంటే పీ-51, మొదట్లో అంత గొప్పదేం కాదు. దానికి పెట్టిన అల్లిసన్ ఇంజిన్ కిందెత్తులో బాగా లాగేది, 20 వేల అడుగులు దాటితే ఊపిరి అందని మనిషిలా అయిపోయేది. బాంబర్లు ఎగిరేదేమో 25 వేల అడుగుల దగ్గర. తర్వాత దాంట్లో రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ ఇంజిన్ పెట్టారు, అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ తయారు చేసింది. దానికి రెండు అంచెల సూపర్‌ఛార్జర్. పైన గాలి పల్చనైపోతుంది కదా, దాన్ని నొక్కి నొక్కి ఇంజిన్లోకి తోస్తుంది. అక్కడ్నుంచి దాని జాతకం మారిపోయింది.

ఇప్పుడు పెట్రోలు. రెక్కల్లో రెండు ట్యాంకులు, కలిపి దాదాపు 700 లీటర్లు. సీటు వెనకాల ఇంకో 320 లీటర్ల ట్యాంకు తర్వాత ఇరికించారు. ఇవి కాక రెక్కల కింద వేలాడే డ్రాప్ ట్యాంకులు రెండు, పెద్ద సైజువైతే ఒక్కోటీ 400 లీటర్ల పైమాట. ఆ పెద్దవి ఇంగ్లాండ్‌లో దేంతో చేశారనుకున్నారు? కాగితంతో! అట్టలాంటి గట్టి కాగితం, జిగురు. పెట్రోలు పోశాక కొన్ని గంటలే ఆగుతుంది, ఆ తర్వాత జిగురు వదిలేస్తుంది. అందుకని బయలుదేరే ముందే నింపేవారు. ఒక్కసారి వాడి పారేయడమే, కింద దొరికినా శత్రువు కరిగించుకోడానికి అందులో అల్యూమినియం కూడా ఉండదు. నాకు ఈ యుద్ధం మొత్తంలో ముచ్చటేసిన పని ఇదొక్కటే.

సరే, మీ మేనల్లుడికి చెప్పండి. వెనక ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ విమానం తోక బరువుతో ఉంటుంది, గట్టిగా మలుపు తిప్పితే మాట వినదు. అందుకని ముందు ఆ వెనకదాన్నే చాలా భాగం ఖర్చు పెట్టి, తర్వాత కిందవి మొదలెడతారు. కింద ట్యాంకులతో పోట్లాడలేరు, శత్రువు కనబడితే అవి పడేయాలి. పడేసే ముందు పెట్రోలు మీట లోపలి ట్యాంకుకి తిప్పుకోవాలి, కంగారులో అది మర్చిపోతే ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది, ఎదురుగా శత్రువు, చేతిలో ఆగిపోయిన బండి. ఇంకా మోసమేంటంటే, దారి మధ్యలోనే ఎవరో ఇద్దరు జర్మన్లు వచ్చి అలా కవ్వించి పోయారనుకోండి, వీళ్ళు ట్యాంకులు పడేశారా, ఇక ఆ రోజుకి బెర్లిన్ దాకా పోలేరు. ఒక్క గుండు పేల్చకుండానే జర్మన్ వాడి పని అయిపోయినట్టే. కాబట్టి "శత్రువు కనబడితే వదిలేయాలా" అంటే, కొన్నిసార్లు అవును, పళ్ళు కొరుక్కుంటూ వదిలేయాలి.

గుళ్ళ లెక్క కూడా చెప్పేస్తాను. డీ రకం మస్టాంగ్‌లో ఆరు గన్లు. లోపలి రెండిటికీ తలా 400 గుళ్ళు, మిగతా నాలుగిటికీ తలా 270. గన్ నిమిషానికి 800 దాకా పేలుస్తుంది. భాగించుకోండి. ఇరవై, ముప్పై సెకన్లు మీట నొక్కితే అయిపోయింది, ఆరేడు గంటల ప్రయాణానికి అదే మొత్తం సరుకు. మీవాడి గేమ్‌లో గుళ్ళు అయిపోతాయా, ఎప్పటికీ ఉంటాయా?

పొందూరు_నేత:

తాతగారూ మీరు రాస్తే చదవబుద్ధేస్తుంది. ఒక చిన్న డౌట్, టాపిక్‌కి పక్కది. ఫోటోల్లో ఆ పైలట్లందరికీ మెడలో సిల్కు స్కార్ఫ్ ఉంటుంది కదా, అది స్టైలా?

ఇంజిన్_తాత (ఆమదాలవలస):

స్టైలూ ఉంది, కుర్రాళ్ళు కదా, చాలామందికి ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు. కానీ అసలు కారణం మెడ ఒరుసుకుపోవడం. గంటల తరబడి తల అటూ ఇటూ వెనక్కీ తిప్పుతూనే ఉండాలి, ముఖ్యంగా సూర్యుడి వైపు, శత్రువు ఆ వెలుతుర్లోంచే దిగుతాడు. ఉన్ని కాలర్ మెడకి రాసుకుని చర్మం లేచిపోయేది. కూలిపోయిన పైలట్లలో చాలామంది తమని కాల్చినవాణ్ణి అసలు చూడనేలేదు. మీ పొందూరు ఖద్దరు సన్నరకం అయినా పనికొచ్చేది అనుకుంటాను, కానీ పైన సున్నాకి కింద నలభై డిగ్రీల చలి, అది తట్టుకోవాలి!

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

తాతగారూ, వాడికి చదివి వినిపించాను. గేమ్‌లో గుళ్ళు అయిపోవడం అనే ఆప్షన్ ఉందట, వాడు ఆపేసి ఆడుతున్నాడట! ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నాడు. సరే తరమకూడదు, మరి ఒక్కడే మిగిలిపోతే? పక్కన తోడు విమానం లేదు, ఎదురుగా ముప్ఫై మంది, అప్పుడేం చేస్తారు, పారిపోతారా అని.

రంగం_పెట్టె (టెక్కలి):

ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు, మీ మామ్మ మాట చదివి ఆగలేకపోయాను. మాదీ రంగం కుటుంబమే, ఇంట్లో ఇప్పటికీ టేకు పెట్టె ఉంది, నా పేరు దాన్నుంచే. 1942లో మా తాతలు అరకాన్ కొండల దారిన నడిచి వచ్చారు, దారిలో ఇద్దరిని పోగొట్టుకున్నారు.

మీ మేనల్లుడి ప్రశ్నకి జవాబు ఒక మనిషి, పేరు జేమ్స్ హోవర్డ్. విచిత్రం ఏమిటంటే అతను మన రంగంలో కూడా ఎగిరాడు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే చైనా తరఫున పోరాడ్డానికి అమెరికన్ వాలంటీర్లని ఒక దళంగా కట్టారు, ఫ్లయింగ్ టైగర్స్ అన్నది వాళ్ళనే. డిసెంబర్ 23న, 25న రంగం మీద బాంబులు పడ్డప్పుడు అడ్డుకున్నది వాళ్ళలో ఒక స్క్వాడ్రన్, బ్రిటిష్ వాళ్ళ బఫెలో విమానాలు. హోవర్డ్ ఉన్న స్క్వాడ్రన్ ఆ నెలాఖరులో వాళ్ళ స్థానంలోకి రంగం దగ్గర మింగలడాన్ ఎయిర్‌ఫీల్డ్‌కి వచ్చింది. 1942 జనవరి 3న హోవర్డ్, ఇంకో ఇద్దరు కలిసి థాయిలాండ్‌లో జపాన్ ఎయిర్‌ఫీల్డ్ మీద పడితే, హోవర్డ్ కింద నిలిపిన విమానాల్ని కాల్చే ధ్యాసలో ఉండగా ఒక జపాన్ విమానం అతని తోక పట్టింది. టెక్స్ హిల్ అనే సహచరుడు చూసి దాన్ని కూల్చకపోతే అతని కథ అక్కడే అయిపోయేది. అప్పటికి అతను బాంబర్లని కాసే వైపు కాదు, బాంబులు పడే ఊరి వైపు. కింద వీధిలో మీ మామ్మ, పైన ఇతను.

రెండేళ్ళ తర్వాత అటుది ఇటైంది. 1944 జనవరి 11. హోవర్డ్ ఇప్పుడు మస్టాంగ్‌ల దళానికి ముందుండి బాంబర్లకి కాపలాగా జర్మనీ లోపలికి వెళ్ళాడు. ఓషర్స్‌లేబెన్ అనే ఊళ్ళో ఫోకెవుల్ఫ్ ఫైటర్లు చేసే ఫ్యాక్టరీ ఉంది, బాంబర్లు దాని మీదకి పోతున్నాయి. జర్మన్లు గుంపులుగా వచ్చారు. అతని మనుషులంతా ఎవరి పోట్లాటలో వాళ్ళు చెదిరిపోయారు. అతను ఒక రెండు ఇంజిన్ల విమానాన్ని కూల్చి మళ్ళీ పైకొచ్చి చూసేసరికి చుట్టుపక్కల తనవాడు ఒక్కడూ లేడు. ముందు ఒక బీ-17ల గుంపు, దాని మీదకి ముప్ఫై దాకా జర్మన్ ఫైటర్లు.

ఇక్కడ మీవాణ్ణి ఆలోచించమనండి, వాడైతే ఏం చేసేవాడో. హోవర్డ్ ఒక్కడే అడ్డం పడ్డాడు. అరగంటకి పైగా. కానీ ఎలా చేశాడన్నది చూడాలి. బాంబర్ మీదకి దిగుతున్న ఒకడి మీదకి దూకుతాడు, వాడు బెదిరి పక్కకి తిరిగి కిందకి పోతాడు. వెంటపడితే ఖాయంగా కూల్చొచ్చు. పడడు. వెంటనే పైకి లాగి మళ్ళీ బాంబర్ల దగ్గరికొచ్చి ఇంకొకడి మీదకి దూకుతాడు. కూలితే కూలింది, లేకపోతే బెదిరినా చాలు, వాడు మళ్ళీ ఎత్తుకెక్కి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలే బాంబర్లకి కావాల్సింది. అతనిది బీ రకం మస్టాంగ్, నాలుగే గన్లు, వాటిని ఒరగబెట్టి బిగించడం వల్ల గట్టిగా తిరిగినప్పుడు గుళ్ళ బెల్టు ఇరుక్కుపోయేది. ఒకటొకటిగా ఆగిపోయి చివరికి ఒక్క గన్ మిగిలింది. అయినా దూకుతూనే ఉన్నాడు, ఎదుటివాడికి నీ గన్లు పనిచేయట్లేదని తెలీదు కదా.

దిగాక అతను చెప్పుకున్నది కొంచెమే. బాంబర్లలో ఉన్నవాళ్ళే "ఆ ఒంటరి మస్టాంగ్ ఎవరిది, మమ్మల్ని బతికించాడు" అని ఆరా తీస్తే బయటపడింది. అమెరికా ఇచ్చే అతి పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, ఇచ్చారు. యూరప్ యుద్ధంలో ఫైటర్ పైలట్లలో అది అందుకున్నది అతనొక్కడే. ఎక్కువ విమానాలు కూల్చినవాళ్ళు వేరే చాలామంది ఉన్నారు.

ఒక్కడి వల్ల అంతా బాగుపడిపోయిందని కాదు. ఆ రోజు మొత్తం మీద 60 బాంబర్లు పోయాయి.

బొబ్బిలి_కుర్రాడు:

సూపర్ అండి. ఇదే లైన్లో ఎర్రతోకల వాళ్ళ గురించి కూడా చెప్పాలి కదా. టస్కీగీ నల్లజాతి పైలట్లు, ఇటలీ నుంచి ఎగిరేవారు. వాళ్ళు కాసిన బాంబర్లలో ఒక్కటి కూడా పోలేదు. రికార్డ్ అది. అందరికన్నా వాళ్ళే కరెక్ట్‌గా చేశారు.

కోట_జంక్షన్ (విజయనగరం):

తమ్ముడూ, ఆ మాట నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. అది యుద్ధం అప్పుడే పుట్టిన మాట, నిజం కాదు. తర్వాత మిషన్ రిపోర్టులు తీసి చూస్తే వాళ్ళు కాస్తుండగా శత్రు ఫైటర్లకి పోయిన బాంబర్లు పాతిక పైనే ఉన్నాయి. అయినా అక్కడి మిగతా మస్టాంగ్ గ్రూపుల సగటు కన్నా అది బాగా తక్కువ. వాళ్ళ కమాండర్ బెంజమిన్ డేవిస్ బాంబర్లని వదిలి పేరు కోసం వేట మీద పోవద్దని గట్టిగా చెప్పేవాడు. 1945 మార్చి 24న బెర్లిన్ దాకా వెళ్ళి మూడు జెట్ ఫైటర్లని కూల్చారు కూడా, మెస్సర్‌ష్మిట్ 262లు. సున్నా అని చెప్పక్కర్లేదు, ఉన్నదే బోలెడు.

అలాగని డేవిస్ పద్ధతే రైటు అని కూడా అనలేం. నేను పైన జనరల్సే కొట్టుకున్నారన్నాను కదా, అది పూర్తి చేయలేదు. 1944 జనవరిలో జిమ్మీ డూలిటిల్ అనే అమెరికన్ జనరల్ ఇంగ్లాండ్‌లో ఉన్న అమెరికా ఎయిత్ ఎయిర్‌ఫోర్స్‌ని చేతిలోకి తీసుకున్నాడు. ఫైటర్ కమాండ్ ఆఫీసు గోడ మీద, బాంబర్లని ప్రాణాలతో తీసుకురావడమే మన మొదటి పని అని ఒక బోర్డు ఉండేదట. అది తీయించేసి, జర్మన్ ఫైటర్లని నాశనం చేయడమే మొదటి పని అని పెట్టించానని ఆయనే రాసుకున్నాడు. బాంబర్ల వాళ్ళు మమ్మల్ని ఎరగా వేస్తున్నావని మండిపడ్డారు. నిజంగా ఎరే. కొన్ని ఫైటర్లు దగ్గర కాపలా, మిగతావి ముందుకెళ్ళి జర్మన్లు గుంపు కట్టకముందే చెదరగొట్టడం, తిరుగు దారిలో కిందకి దిగి ఎయిర్‌ఫీల్డుల మీద నిలబడ్డవాటినీ కాల్చడం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాంబర్లు ఇంకా విపరీతంగా పోయాయి, మార్చి 6న బెర్లిన్ మీద ఒక్కరోజే 69. కానీ జర్మన్లకి ఆరితేరిన పైలట్లు అయిపోతూ వచ్చారు. విమానాలు ఫ్యాక్టరీలో మళ్ళీ చేసుకోవచ్చు, పైలట్‌ని చేయడానికి ఏళ్ళు పడుతుంది. జూన్‌లో నార్మండీ ఒడ్డున సైన్యం దిగిన రోజు పైన జర్మన్ విమానాలు దాదాపు కనబడలేదు.

నా లెక్కలో మీ మేనల్లుడి గొడవకి జవాబు, తరమొచ్చు, కానీ కాపలాకి ఇంకొకడు మిగిలి ఉన్నాడని తెలిసినప్పుడే. హోవర్డ్‌కి ఆ ఇంకొకడు లేడు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ చాలా థాంక్స్. రంగం_పెట్టె గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను, టెక్కలిలో ఏ వీధో కనుక్కోమంది, మీకు మెసేజ్ పెడతాను. మామ్మ వాళ్ళు కూడా ఆ కొండల దారినే వచ్చారు.

విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న బాంబులేసిన విమానాలకి కూడా ఇలా కాపలా ఉందా అని మావాడు అడుగుతున్నాడు.

ఇంజిన్_తాత (ఆమదాలవలస):

అవి ర్యూజో అనే విమానవాహక నౌక మీద నుంచి వచ్చాయి బాబూ. కాపలా అవసరం దేనికి, విశాఖలో అడ్డుకోడానికి ఫైటర్లు ఉంటే కదా. సముద్రం మీద నిఘా తిరగడానికి వాపిటీలని పాత రెండు వరసల రెక్కల విమానాలు ఉండేవి, అవి వీటిని పట్టుకునేవి కావు. జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకి పోయారు, మా ఇంటికే రెండు కుటుంబాలు వచ్చాయని మా అమ్మ చెప్పేది.

రంగం గురించి ఒకటి కలుపుతాను. 1943 నవంబరు చివరికి మన వైపు వాళ్ళే బెంగాల్ నుంచి పోయి రంగం మీద బాంబులేశారు, దానికి కాపలాగా వెళ్ళినవి పాత అల్లిసన్ ఇంజిన్ మస్టాంగ్‌లు, పీ-38లు. డ్రాప్ ట్యాంకులు తగిలించుకుని అంత దూరం పోయాయి, జపాన్ వాళ్ళ చేతిలో దెబ్బలూ తిన్నాయి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అప్‌డేట్. మావాడు గుళ్ళ ఆప్షన్ ఆన్ చేసి మళ్ళీ ఆడాడు. రెండే కూల్చాడు, బాంబర్లలో ఒక్కటే పోయింది, మిషన్ పాస్. కానీ తిరిగొచ్చేటప్పుడు ట్యాంకులు పడేసే ముందు మీట తిప్పడం మర్చిపోయి సముద్రంలో పడ్డాడు. తాతగారి మాట వాడికి చదివి వినిపించి రెండు రోజులు కూడా కాలేదు. ఆ మీటకి కీబోర్డ్‌లో ఏ బటనో దొరకట్లేదట, ఈ గేములు ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.